చెన్నై ఉక్కలో సోరియాసిస్‌తో రోజులు గడపడం ఎలా

సోరియాసిస్ అంటే చర్మం మీద పొట్టు లేచే మచ్చలు పడే జబ్బు. చర్మం డాక్టరుగారికి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ వల్ల రాత్రి నిద్ర చెడిందనీ, పొట్టి చేతుల చొక్కా మానేశారనీ మీరు చెబితేనే తెలుస్తుంది. అందుకే ముందు ఒక లెక్క వేసుకోండి. చర్మవ్యాధి బతుకుని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలవడానికి బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు ఫిన్లే, ఖాన్ 1994లో తయారుచేసిన డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నాపత్రం ఉంది. గడిచిన వారం గురించి 10 ప్రశ్నలు: దురద, సిగ్గు, బట్టలు, పని, ఆటలు, దాంపత్యం వగైరా. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. 10 దాటితే జబ్బు బతుకుని గట్టిగానే పట్టుకున్నట్టు. మచ్చలు కాసినే ఉన్నా, అరిచేతుల్లోనో మర్మాంగాల దగ్గరో ఉంటే మార్కులు పెరుగుతాయి. నెలకోసారి నింపి ఆ కాగితం డాక్టరుగారి చేతికివ్వండి. పూతమందు చాలదు, లైట్ థెరపీయో మాత్రలో కావాలన్న మాట అక్కడ్నించి మొదలవుతుంది.

ఇక స్నానం. ఓఎంఆర్, వేళచ్చేరి వైపు చాలా అపార్ట్‌మెంట్లకి బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో దిక్కు. గీజరులో గార కట్టే ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కడిగినా చర్మం మీద పొరలా మిగిలి చురచురలాడుతుంది. మామూలు సబ్బు బదులు సిండెట్ బారు (సబ్బు కలవని, చర్మాన్ని ఎండగట్టని బిళ్ల) వాడండి, చివర్లో ఒక బకెట్ మెట్రో నీళ్లు (నగర సరఫరా నీళ్లు) దొరికితే ఒంటిమీద పోసుకోండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, 10 నిమిషాలు దాటకూడదు. పీచు, నలుగు పిండి వద్దు. గీరుకున్న చోట ఒకటి రెండు వారాల్లో కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు స్వభావం. కోబ్నర్ లక్షణం అంటారు. బిగుతు బెల్టు, మొలతాడు, గట్టిగా బిగించిన లంగా బొందు చేసేదీ అదే. నడుం చుట్టూ గీతలా మచ్చలు వస్తుంటే ముందు బొందు చూసుకోండి.

టవల్‌తో రుద్దకుండా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు రాయాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పగలు పెట్రోలియం జెల్లీ పూసుకుని బయటికెళితే చెమట లోపలే నిలిచి చెమటకాయలు, సెగగడ్డలు లేస్తాయి. అందుకని పగలు పల్చటి లోషను, రాత్రి జెల్లీ. ఆఫీసు ఏసీ చర్మాన్ని ఎండగడుతుంది కాబట్టి మధ్యాహ్నం మోచేతులకి ఇంకోసారి. ఒళ్లంతా రాసుకునేవాళ్లకి వారానికి 250 గ్రాములైనా పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే సరిగా రాయడం లేదని అర్థం. మందంగా పొట్టు కట్టిన చోట డాక్టరు 3 నుంచి 6 శాతం సాలిసిలిక్ యాసిడ్ పూత రాసిస్తారు. పగుళ్ల మీద అది భగ్గున మండుతుంది. తలకైతే రాత్రి కొబ్బరి నూనె పట్టించి, పొద్దున కోల్‌టార్ షాంపూ 5 నిమిషాలు ఉంచి కడగండి. పొట్టు గోళ్లతో పీకొద్దు.

స్టెరాయిడ్ పూతకి కొలత వేలికొసే. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరిచేతులంత మేరకి సరిపోతుంది. క్లోబెటసాల్ లాంటి గట్టి మందు ముఖానికీ, చంకలకీ, గజ్జలకీ వద్దు, అక్కడ చర్మం పలచబడి చారలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా వరసగా రెండు వారాలు దాటించొద్దు. మందుల షాపువాళ్లు చేతిలో పెట్టే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు కలిపిన ట్యూబులు అసలే వద్దు.

జబ్బు ముదిరితే ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర డాక్టరు రాసిస్తే అది వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి, నోరంతా పూసి ప్రాణం మీదికొస్తుంది. స్ట్రిప్ మీద పెన్నుతో 'ఆదివారం' అని రాసి పెట్టండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. మద్యం మానాలి, రక్తపరీక్షలు తప్పించకూడదు, గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. వేరే డాక్టరు దగ్గరికెళ్లినా ఈ మాత్ర సంగతి చెప్పండి, కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీంతో కలిస్తే ప్రమాదం. వంకాయ, గోంగూర మానేస్తే తగ్గుతుందనేది పెద్దవాళ్ల నమ్మకమే. సిగరెట్టు, మద్యం, అధిక బరువు మాత్రం నిజంగా చెరుపు చేస్తాయి.

సెలూన్లో, హాస్టల్లో ఎవరైనా జంకితే పెద్ద పాఠం అక్కర్లేదు. తెలుగువాళ్లకి "ఇది అంటుకోదండీ, నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తేడా" చాలు, తమిళవాళ్లకి "ఇదు తొట్టా పరవాదు". పెళ్లి మాటల్లో దాచిపెట్టడం కంటే నిశ్చితార్థానికి ముందే చెప్పడం మేలు. అమ్మకో నాన్నకో ఉన్నంత మాత్రాన బిడ్డకి వచ్చి తీరాలని లేదు.

పొద్దున్నే లేచాక కీళ్లు అరగంటకి మించి బిగుసుకున్నా, ఒక వేలు మొత్తం వాచినా, మడమ నొప్పి వదలకపోయినా కీళ్ల డాక్టరుని చూడాలి. ఆలస్యమైతే కీలు అరిగి మళ్లీ సరికాదు. ఒళ్లంతా ఎర్రబడి వణుకు, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి. సెంట్రల్ స్టేషన్ దగ్గరున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.