సోల్డరింగ్ లేకుండా పికప్ మార్చాక గిటార్ మొరాయిస్తే

సోల్డరింగ్ ఐరన్ అంటే భయపడేవాళ్ళకి క్విక్ కనెక్ట్ వైరింగ్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది. పాత పికప్ (స్ట్రింగుల కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ప్లగ్ పీకడం, కొత్తది గుచ్చడం, అంతే. ఈఎంజీ కంపెనీ యాక్టివ్ (బ్యాటరీతో పనిచేసే) పికప్‌లు ఇలా ప్లగ్గులతోనే వస్తాయి. సీమోర్ డంకన్ కంపెనీ వాళ్ళ లిబరేటర్ వాల్యూమ్ పాట్‌కి (నాబ్ కింద తిరిగే భాగం) వైర్లు దూర్చి పెట్టుకునే టెర్మినళ్ళు ఉంటాయి. ఇవేవీ వద్దనుకుంటే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి చిన్న స్క్రూ కనెక్టర్లు కొనుక్కొచ్చి మనమే చేసుకోవచ్చు. నేను ఎక్కువగా చేసేది ఈ మూడో రకమే.

చిక్కల్లా స్ట్రింగులు బిగించి ఆంప్ ఆన్ చేశాక మొదలవుతుంది. సౌండ్ సరిగ్గా రాకపోతే అందరూ ముందు తిట్టేది పికప్‌నే. పికప్ నిజంగా చచ్చిపోయిన గిటార్ నా చేతికి ఒక్కటే వచ్చింది, అదీ స్క్రూడ్రైవర్ జారి కాయిల్ తీగ తెగిపోయింది కాబట్టి. మిగతావన్నీ వైరు చివర దగ్గరో, రంగుల దగ్గరో జరిగిన పొరపాట్లే.

విప్పే ముందు ఒక కొలత

గిటార్‌కి కేబుల్ పెట్టండి. రెండో చివర ఆంప్‌లో కాకుండా చేతిలో ఉంచుకోండి. వాల్యూమ్ పూర్తిగా పెంచి, మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్ దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లగ్ మొనకి, నల్లది దాని ఒంటికి ఆనించండి. పికప్ సెలెక్టర్ ఒక్కో పొజిషన్‌లో రీడింగ్ రాసుకోండి. మామూలు పాసివ్ (బ్యాటరీ లేని) హంబకర్, అంటే హమ్ము అనే కరెంటు మోతని కొట్టేసే రెండు కాయిల్స్ పికప్, 8 కిలో ఓమ్స్ ఉందనుకోండి, 500కె (500 కిలో ఓమ్స్) పాట్ దానికి పక్కనే ప్యారలల్‌గా ఉంటుంది కాబట్టి మీటర్ 7.9 దాకా చూపిస్తుంది. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్) సింగిల్ కాయిల్ అయితే 6 అటూఇటూ. రెండు హంబకర్లూ కలిసే మధ్య పొజిషన్‌లో 4 దగ్గర వస్తుంది, కంగారు పడొద్దు. వాల్యూమ్ సున్నాలో పెట్టి కొలిచి "షార్ట్ అయింది" అని నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. సున్నాలో సున్నానే వస్తుంది మరి.

ఈ కొలత పాసివ్ పికప్‌లకే. యాక్టివ్ వాటిలో లోపల ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) ఉంటుంది కాబట్టి ఈ అంకెలకి అర్థం ఉండదు.

అసలు సౌండే లేదు

మీటర్ రేంజ్ దాటిపోయి చూపిస్తే ఎక్కడో దారి తెగింది. నూటికి తొంభై సార్లు అది స్క్రూ టెర్మినల్ దగ్గరే. పికప్ వైర్లు చాలా సన్నం. మనం తొడుగు తక్కువగా వలిచి లోపలికి దోపుతాం, స్క్రూ రాగిని వదిలేసి ప్లాస్టిక్ తొడుగుని పట్టుకుంటుంది. లాగితే గట్టిగానే ఉంటుంది, అందుకే అనుమానం రాదు. వైరు బయటికి తీసి చూడండి, తొడుగు మీద స్క్రూ నొక్కిన గుంట కనిపిస్తే దొంగ దొరికినట్టే. 5, 6 మిల్లీమీటర్లు వలిచి, పోగులు మెలిపెట్టి, సగానికి మడిచి లావు చేసి దూర్చండి. ఇంకా మంచిది, చివరికి చిన్న ఫెరూల్ (లోహపు గొట్టం) తొడిగి నొక్కండి.

చివరలకి ముందే సోల్డర్ పూసి ఉంటే ఆ ముక్క కత్తిరించి కొత్తగా వలవండి. సోల్డర్ మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి మెల్లగా అణిగిపోతుంది. ఈ రోజు బిగుతుగా ఉన్నది రెండు నెలల తర్వాత లూజ్ కాంటాక్ట్ అవుతుంది.

మీటర్ సున్నా చూపిస్తే షార్ట్. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా చాలు. టార్చ్ వేసి వెతకండి.

సౌండ్ వస్తోంది, కానీ సన్నగా పీలగా ఉంది

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీటర్ కూడా మోసం చేసేది ఇక్కడే.

మా తమ్ముడి గిటార్ బ్రిడ్జ్ (స్ట్రింగుల కింది చివర ఆనే లోహపు భాగం) దగ్గరి పికప్ నేనే మార్చాను. ఆన్ చేస్తే టెలిఫోన్‌లో పాడినట్టుంది, పైగా హంబకర్ అయ్యుండి హమ్ము. "డూప్లికేట్ పికప్ అంటగట్టారేమో అన్నా" అన్నాడు. కొలిస్తే 8 కిలో ఓమ్స్, నిక్షేపంగా ఉంది. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక చూసుకుంటే, పికప్ డిమార్జియో కంపెనీది, నేను ముందు పెట్టుకున్న రంగుల చార్ట్ సీమోర్ డంకన్‌ది.

డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ మోసే వైరు), ఎరుపు తెలుపు రెండూ ఒకదానికొకటి కలుపుతాం, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలుపుతాం, ఆకుపచ్చ గ్రౌండ్. తొడుగు లేని వైరు రెండింటిలోనూ గ్రౌండే. డిమార్జియో పికప్‌ని డంకన్ చార్ట్‌తో కలిపితే రెండు కాయిల్స్‌లో ఒకటి తిరగబడుతుంది. స్ట్రింగుల సౌండ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, హమ్ము మాత్రం కొట్టేసుకోకుండా కూడుకుంటుంది. హంబకర్ చేయాల్సిన పనికి సరిగ్గా ఉల్టా. రెండు కాయిల్స్ వరసలోనే ఉన్నాయి కాబట్టి మీటర్‌కి తేడా తెలియదు. ఎరుపు, నలుపు అటూఇటూ మార్చాను, రెండు నిమిషాల పని.

కాబట్టి పికప్ ఎవరిదో వాళ్ళ చార్టే వాడండి. ప్లగ్ విషయంలోనూ అంతే. రెండు కంపెనీల ప్లగ్గులు ఒకే సైజులో ఉండి చక్కగా దూరినా, పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు.

ఒక్కో పికప్ విడిగా బాగుండి, రెండూ కలిపిన పొజిషన్‌లో మాత్రమే పీలగా ఉంటే, అది పికప్‌ల మధ్య ఫేజ్ తేడా, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదానికి ఉల్టాగా ఉంది. ఒక పికప్‌కి హాట్, గ్రౌండ్ మార్చాలి. నాలుగు రంగుల వైర్లున్న దానికే ఇది చేయండి, తొడుగు లేని వైరుని గ్రౌండ్ దగ్గరే వదిలేయండి. పాత గిబ్సన్ తరహాలో అల్లిన లోహపు తొడుగున్న పికప్‌కి చేయకండి, ఆ తొడుగంతా హాట్ అయి కూర్చుంటుంది.

వాల్యూమ్ స్విచ్‌లా పనిచేస్తోంది, లేదా గొంతు మూసుకుపోయింది

పాట్ విలువ తప్పు. యాక్టివ్ ఈఎంజీకి 25కె పాట్ కావాలి. పాత 500కె వదిలేస్తే కొంచెం తిప్పగానే సౌండ్ అమాంతం మారుతుంది. పాసివ్ పికప్‌ని 25కె పాట్‌కి తగిలిస్తే ట్రెబుల్ అంతా పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సింగిల్ కాయిల్‌కి 250కె, హంబకర్‌కి 500కె అన్నది మామూలు లెక్క.

యాక్టివ్ గిటార్‌లో బ్యాటరీ ఊరికే అయిపోతుంటే జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) చూడండి. అది స్టీరియో జాక్ అయ్యుండాలి, బ్యాటరీ నల్ల వైరు దాని రింగ్ అనే మధ్య కాంటాక్ట్‌కి వెళ్ళాలి. కేబుల్ గుచ్చితేనే కరెంటు పారుతుంది. అందుకే వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి.

జుయ్‌మని హమ్ము

స్ట్రింగుల మీద చెయ్యి వేసి చూడండి. తగ్గితే గ్రౌండ్ బాగానే ఉంది, మిగిలింది షీల్డింగ్ (బయటి కరెంటు గోల రాకుండా లోపల లోహపు రేకు కప్పడం) సంగతి. పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయి. ఏ తేడా లేకుండా మోగుతూనే ఉంటే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు ఎక్కడికీ కలవలేదు. పాసివ్ కిట్‌లు వేసినప్పుడు ఇది చాలామంది మర్చిపోతారు. బ్రిడ్జ్ నుంచి వచ్చే ఆ ఒంటరి వైరు పాత పాట్ వీపుకి సోల్డర్ చేసి ఉంటుంది, పాత హార్నెస్ (వైర్లు, పాట్‌ల సెట్టు) తీసేటప్పుడు దాన్ని తెంపి పక్కన పడేస్తాం. దాని చివర రింగ్ లగ్ (కన్నమున్న లోహపు ముక్క) నొక్కి పాట్ నట్టు కింద బిగించండి, సోల్డర్ అక్కర్లేదు. తర్వాత బ్రిడ్జ్‌కీ, ప్లగ్ ఒంటికీ మధ్య కంటిన్యుటీలో పెట్టిన మీటర్ బీప్ అనాలి. ఈఎంజీ యాక్టివ్ అయితే ఈ వైరు కలపొద్దని వాళ్ళే చెప్తారు, వదిలేయండి.

అన్నీ సరిగ్గా ఉన్నా హమ్ము పోకపోతే గిటార్‌ని ఇంకో ఇంట్లో వాయించి చూడండి. మన ఇళ్ళలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ ఆ మూడో కన్నం వెనక ఎర్త్ వైరు ఉందన్న గ్యారంటీ లేదు. దానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఆంప్ ప్లగ్ మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, అది ప్రాణానికి సంబంధించింది.

వెనక మూత తీస్తే పనిచేస్తోంది, వేస్తే ఆగిపోతోంది

మొదటిసారి చూసినప్పుడు దెయ్యం పట్టిందనుకున్నాను. మూత తీసి ఆరుసార్లు వాయించాను, ఆరుసార్లూ బాగుంది. నాలుగు స్క్రూలు బిగించగానే నిశ్శబ్దం. మూత లోపలి వైపు షీల్డింగ్ కోసం రాగి రేకు అంటించి ఉంది, కనెక్టర్ స్క్రూ తల సరిగ్గా దానికి తగులుతోంది. రేకు గ్రౌండ్, స్క్రూ హాట్. రేకు మీద వెంట్రుకంత గీత కూడా పడింది. సోల్డర్ జాయింట్ అణిగి ఉంటుంది గానీ ఈ కనెక్టర్లు ఎత్తు కదా. స్ట్రాట్‌లో ఇదే గొడవ జాక్ దగ్గర జరుగుతుంది. ప్లగ్ గుచ్చగానే జాక్ పట్టీ వెనక్కి జరిగి పక్క గోడ రేకుకి తగులుతుంది.

కనెక్టర్‌ని పక్కకి పడుకోబెట్టి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. నల్ల ఇన్సులేషన్ టేప్ చుట్టి వదిలేయకండి, మన మే నెల ఎండకి దాని జిగురు కారి టేప్ జారిపోతుంది.