సంపు కడిగించే ముందు: తెల్ల పొడులు కలవకుండా జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. అంతలోపే సంపు, పైట్యాంకు కడిగించెయ్యాలని చెన్నైలో ప్రతి అపార్టుమెంటులోనూ హడావుడి. 2015లోనూ 2023లోనూ డిసెంబరు వరద చూసిన వేళచ్చేరి వైపువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కడిగే మనుషులు సులువుగానే దొరుకుతారు. చిక్కంతా జనరేటరు గది మూలన పడున్న పేరులేని డబ్బాల దగ్గర మొదలవుతుంది.

అందరూ 'క్లోరిన్ పొడి' అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు సరుకులు. ఒకటి మామూలు బ్లీచింగ్ పౌడరు, తాజాగా ఉంటే అందులో దాదాపు 33 శాతం క్లోరిన్ పనికొస్తుంది. రెండోది కాల్షియం హైపోక్లోరైట్, 65 నుంచి 70 శాతం. మూడోది స్విమ్మింగ్ పూల్‌కు వాడే టీసీసీఏ, 90 శాతం. మూడూ తెల్లగానే ఉంటాయి, మూడూ ఒకే ఘాటు వాసన కొడతాయి. చూసి, వాసన చూసి ఫలానా అని చెప్పగలమనేవాళ్ళ మాట నమ్మొద్దు. అసలు ముక్కు దగ్గర పెట్టుకుని చూడటమే తప్పు.

మొదటి రెండింటిలో దేనికైనా టీసీసీఏ తగిలితే, కాస్త చెమ్మ కూడా తోడైతే, నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పుడుతుంది. అది పేలే పదార్థం. బస్తాలు కలిపి పొయ్యక్కర్లేదు. టీసీసీఏ తీసిన తడి గరిటెను బ్లీచింగ్ డబ్బాలో ముంచినా ప్రమాదమే. అందుకని ఒక్కో పొడికి ఒక్కో గరిటె, ఒక్కో బకెట్ విడిగా ఉండాలి. రంగు తేడా పెడితే ఇంకా మేలు: బ్లీచింగ్‌కు నీలం, పూల్ పొడికి ఎరుపు. పేరు తెలుగులోనూ తమిళంలోనూ రాసి అంటించండి. చీటీ మూతకు కాక డబ్బాకు అంటించాలి, మూతలు మారిపోతుంటాయి. వాడగా మిగిలిన పొడిని మళ్ళీ పెద్ద డబ్బాలో పొయ్యకండి. పని చేసేటప్పుడు బయట ఒక్క డబ్బానే ఉండాలి, అది మూసి లోపల పెట్టాకే రెండోది తియ్యాలి.

మొత్తం పనిలో ఎక్కువ భయపడాల్సింది ఆసిడ్‌కు. బోరు నీళ్ళతో గోడలకు పట్టిన తెల్లటి పొరను వదిలించడానికి పనివాళ్ళు ఆసిడ్ కొడతారు. అది తరచుగా పాత మంచినీళ్ళ సీసాలోనే వస్తుంది. ఆ తడి ఆరకముందే బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ వాయువు లేస్తుంది. గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా సంపు అడుగునే నిలుస్తుంది, లోపల వంగి పనిచేసే మనిషి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. వీలైతే ఆసిడ్ మానేసి బ్రష్షుతో రుద్దించండి. తప్పదంటే ఆసిడ్ పనయ్యాక రెండు మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పూర్తిగా తోడించి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే బ్లీచింగ్ సంగతి చూడండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ ఇదే ఆసిడ్. అమోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా ఊపిరాడనివ్వని వాయువులే వస్తాయి.

కొలత విషయానికొస్తే, 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న సంపులో 9,000 లీటర్లు పడతాయి. కడిగిన సంపును శుద్ధి చెయ్యడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ లెక్క, అంటే 33 శాతం బ్లీచింగ్ దాదాపు 1,350 గ్రాములు. 65 శాతం సరుకైతే 700 గ్రాములు చాలు. డబ్బా మారి అదే 1,350 గ్రాముల టీసీసీఏ పడితే లీటరుకు 135 మిల్లీగ్రాములవుతుంది. ఇంట్లో చెంచా లెక్క ఇక్కడ పనికిరాదు, తూకం వెయ్యాల్సిందే. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో 100 గ్రాములకు మించకుండా పొడి కొద్దికొద్దిగా వెయ్యాలి. పొడి మీద నీళ్ళు పొయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే సంపులో పొయ్యండి. నింపి 24 గంటలు ఉంచి, మొత్తం తోడేసి, మంచినీళ్ళతో కడిగించండి. నిండి ఉన్నంతసేపూ కుళాయిల్లోకి ఎక్కకుండా మోటారు స్విచ్ ఆపి, దానికి చీటీ కట్టండి.

రోజువారీ తాగే నీళ్ళ శుద్ధికి లెక్క వేరు: 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల మామూలు బ్లీచింగ్. అరగంటో గంటో ఆగి, పరీక్ష కిట్‌తో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బురద నీళ్ళకు ఎక్కువ పడుతుంది.

ఈ పొడులు డీజిలు, గ్రీజు, పెయింటు, రంపపు పొట్టు పక్కన ఉంటే మంట రావచ్చు. జనరేటరు గదిలో వద్దని చెప్పడం అందుకే. ఎండ తగలని పొడి చోట, నేలకు ఎత్తుగా పెట్టండి, వాననీళ్ళు చేరితే అసలే ముప్పు. గడ్డకట్టినదాన్ని గానీ, ఏమిటో తెలియనిదాన్ని గానీ చెత్తబుట్టలో వెయ్యకండి. విడిగా ఉంచి, అమ్మినవాళ్ళకో పూల్ చూసుకునేవాళ్ళకో అప్పగించండి.

మంటే లేస్తే మెట్ల దగ్గర వేలాడే ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ వాడకండి. అందులోని అమోనియం లవణం ఈ పొడితో కలిస్తే ఇంకా ప్రమాదం. దూరంగా జరిగి 101కి ఫోన్ చెయ్యండి, వచ్చినవాళ్ళకు లోపల ఏ పొడి ఉందో ముందే చెప్పండి.

సంపులో ఎవరైనా కూలిపోతే వెంటనే వెనకాలే దిగకండి. మూత పూర్తిగా తెరిచి, మనిషి నడుముకు ముందే కట్టి ఉంచిన తాడుతో పైకి లాగండి, 108కి చెప్పండి. పొడి కళ్ళలో పడితే కనీసం 15 నిమిషాలు పారే నీళ్ళతో కడగాలి.