డిష్ సిగ్నల్‌కు ఒక చిన్న లాగ్

డీడీ ఫ్రీ డిష్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోందా? లైనక్స్ కంప్యూటర్‌లో డీవీబీ-ఎస్2 ట్యూనర్ (డిష్ సిగ్నల్ అందుకునే పరికరం) ఉంటే, ఛానల్ పెట్టి ఉంచి పక్కన సిగ్నల్ కొలతలు చూపే ఫెమాన్ (femon) ప్రోగ్రామ్ నడపండి (అది తనంతట తాను ట్యూన్ చేయదు). చిన్న షెల్ స్క్రిప్టుతో నిమిషానికోసారి ఫెమాన్ చూపే కొలతల వరుసను టైముతో సహా ఫైల్‌లో రాయించండి; అదే లాగ్.

చాలామంది సిగ్నల్ స్ట్రెంత్ ఒక్కటే చూస్తారు. అది బాగున్నా బొమ్మ చెడవచ్చు. నేనైతే ఫెమాన్ చూపే ఎస్‌ఎన్‌ఆర్, యూఎన్‌సీలనే నమ్ముతాను. ఎస్‌ఎన్‌ఆర్ అంటే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందన్నది. యూఎన్‌సీ అంటే ట్యూనర్ సరిదిద్దలేకపోయిన డేటా బ్లాకులు. అది పెరుగుతోందంటే బొమ్మ చెడుతున్నట్టే. వానప్పుడు మాత్రమే ఎస్‌ఎన్‌ఆర్ పడిపోతే ఈ డిష్ అందుకునే కేయూ బ్యాండ్ తరంగాలకు అది మామూలే, డిష్‌ను కదపకండి. ఎండలోనూ పడుతుంటే ముందు ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ అందుకునే భాగం) దగ్గర కేబుల్ కనెక్టర్ విప్పి, లోపల తడి, తుప్పు ఉన్నాయేమో చూడండి.