సర్వే డేటాలో నెలల అంకెలకు సులువైన దారి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మహిళల ఫైల్ తెరిస్తే తేదీల చోట 1086, 1337 లాంటి అంకెలు కనిపిస్తాయి. వాటన్నిటినీ ముందు తేదీలుగా మార్చి, ఆ తర్వాత కాపురం మొదలైన వయసు తీయబోయి నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. అసలు మార్చాల్సిన పనే లేదు.

అవి 1900 జనవరిని 1గా పెట్టుకుని లెక్కించిన నెలలు. 1990 జూన్ అంటే 90ని 12తో గుణించి 6 కలపాలి, 1086. కాపురం మొదలైన నెల (వి509 అనే కాలమ్) లోంచి పుట్టిన నెల (వి011) తీసేయండి. 1337లోంచి 1086 పోతే 251 నెలలు, అంటే 20 ఏళ్ల 11 నెలలు. ఒక అంకె ఏ సంవత్సరానిదో కావాలంటే దాంట్లోంచి ముందు 1 తీసేసి, 12తో భాగించి, దశాంశం వదిలేసి 1900 కలపండి. ఆ 1 మరిచిపోతే డిసెంబర్‌లవన్నీ మరుసటి ఏడాదిలోకి పోతాయి. 1200 అంటే 1999 డిసెంబర్, 2000 కాదు.

కాపురం ఇంకా మొదలవని వాళ్లకు వి509 ఖాళీగా ఉంటుంది. దయచేసి ఆ వరుసలు తీసేయకండి, సగటు వయసు ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. వాళ్లకు ఇంటర్వ్యూ నెల (వి008) లోంచి పుట్టిన నెల తీసేసి, పక్క కాలమ్‌లో 0 (ఇంకా మొదలవలేదు) వేయండి, మిగతావాళ్లకు 1 (మొదలైంది). ఏ వయసుకు ఎంతమందికి కాపురం ఇంకా మొదలవలేదో చూపే కప్లాన్-మేయర్ గీతకు ఈ రెండు కాలమ్‌లే (నెలలు, 0/1) చాలు.

ఒక్క జాగ్రత్త. నెల గుర్తులేదన్న వాళ్లకు డేటా సిద్ధం చేసేవాళ్లు అంచనాగా ఒక నెల వేస్తారు. పుట్టిన నెలకు వి014, కాపురం నెలకు వి510 చూస్తే అది తెలుస్తుంది. అలాంటివి ఎక్కువగా ఉంటే కాపురానికీ తొలి కాన్పుకూ మధ్య నెలల లెక్క మీద ఆధారపడకండి.