నెదర్లాండ్స్ వెళ్తే ఇండోనేషియా భోజనం ఎలా వెతుక్కోవాలి?

ఆఫీసు పని మీదో, పిల్లల దగ్గరికో నెదర్లాండ్స్ వెళ్లినవాళ్లకు అన్నం మీద బెంగ పుట్టడానికి మూడు రోజులు చాలు. అక్కడ మధ్యాహ్న భోజనమంటే రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో చీజు. ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి కానీ చాలాచోట్ల అదే బటర్ చికెన్, అదే నాన్. కొబ్బరి, చింతపండు, మిర్చి, వేరుశెనగ పడిన కూరలతో వేడన్నం కావాలంటే ఇండోనేషియా వంట వెతుక్కోండి. మన ఊరి వంట కాదు గానీ, మన నాలుకకు చుట్టమే.

జకార్తాకు పదకొండు వేల కిలోమీటర్ల అవతల ఈ తిండి ఎందుకుందంటే, 1602లో పుట్టిన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీతో మొదలైన కథ అది. 1949 డిసెంబరులో డచ్చివాళ్లు ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్నారు. ఆ ముందూ వెనకా సంవత్సరాల్లో సుమారు 3 లక్షల మంది అక్కడి నుంచి నెదర్లాండ్స్‌కు తరలివచ్చారు. వాళ్లలో చాలామంది డచ్, ఇండోనేషియా రక్తం కలిసిన కుటుంబాలవాళ్లు. చాలామంది ద హేగ్‌లో స్థిరపడ్డారు. అందుకే ఒక్కరోజే టైముంటే ఆమ్‌స్టర్‌డామ్ కన్నా ద హేగ్‌కే నా ఓటు.

1. ముందు బోర్డు చదవడం నేర్చుకోండి

నేను మొదట బోల్తా పడింది ఇక్కడే. స్టేషన్ దగ్గర ఒక బోర్డు మీద 'ఇండిస్' అని చూసి, ఇండియన్ హోటలే అనుకుని సంబరంగా లోపలికి వెళ్లాను. తీరా వచ్చింది తియ్యటి ఎర్ర సాసులో ముంచిన పంది మాంసం. డచ్‌లో ఇండియాకు చెందినదాన్ని 'ఇండియాస్' అంటారు. 'ఇండిస్' అంటే పాత డచ్ వలస కాలపు ఇండోనేషియా తాలూకు. నేను దూరింది 'షినేస్-ఇండిస్' అనే రకం హోటలు. చైనా వంటనూ ఇండోనేషియా వంటనూ కలిపి, డచ్చివాళ్ల నోటికి తగ్గట్టు తీపి పెంచిన తిండి అక్కడ దొరికేది. చౌక, బోలెడు పెడతారు, కానీ మనం వెతికేది అది కాదు.

మనకు కావలసిన బోర్డు 'టోకో'. ఇండోనేషియా భాషలో టోకో అంటే కొట్టు. ముందు భాగంలో కిరాణా సామాను, వెనకో పక్కనో అద్దాల అరలో ఆరోజు వండిన కూరలు. కూర్చోవడానికి రెండు మూడు స్టూళ్లుంటే గొప్ప.

2. టోకోకు పెందలాడే వెళ్లండి

రాత్రి తొమ్మిదికి వెళ్తే తలుపులు మూసి ఉంటాయి. చాలా టోకోలు సాయంత్రం ఏడెనిమిదికే కట్టేస్తాయి, కొన్నింటికి ఆదివారమో సోమవారమో సెలవు. బయల్దేరే ముందు టైమింగ్స్ చూసుకోండి. పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్తే కూరలన్నీ నిండుగా ఉంటాయి.

ఏం అడగాలో తెలియకపోతే 'నాసి రామెస్' అనండి. అన్నం, దాని మీద రెండు మూడు కూరలు, పక్కన ఏదో వేపుడు, ఒక చెంచా సాంబల్ (మిరపకాయల పచ్చడి). మన ప్లేటు మీల్స్ అనుకోవచ్చు. ధర ఊరిని బట్టి 10 నుంచి 15 యూరోల మధ్య ఉండొచ్చు. కూరలు మీరే ఎంచుకోవచ్చు కాబట్టి సిగ్గుపడకుండా అద్దం మీద వేలు పెట్టి చూపించండి. నేను వెళ్లే టోకోలో ఒక పెద్దావిడ గరిటె పట్టుకుని 'పెడిస్?' అని అడిగేది. కారం కావాలా అని. నేను తలూపితే, నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఇంకో అర చెంచా వేసేది.

మొదటిసారి తప్పక చూడాల్సినవి: రెండాంగ్, అంటే కొబ్బరి పాలల్లో గంటల తరబడి ఉడికి నూనె తేలి నల్లబడిన మాంసం. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావ్ వాళ్ల వంట ఇది. ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు, తిననివాళ్లు ముందే అడగాలి. సెరుందెంగ్ అంటే వేరుశెనగ పలుకులు కలిపి వేయించిన కొబ్బరి కోరు. వేడన్నంలో కలుపుకుంటే మన కొబ్బరి పొడి గుర్తురాక మానదు. రెంపేయెక్ చూస్తే మన చెక్కలు సముద్రం దాటి వెళ్లాయా అనిపిస్తుంది: బియ్యప్పిండి, వేరుశెనగ, నూనెలో కరకర.

3. పాత స్పెల్లింగుతో కంగారు పడొద్దు

నెదర్లాండ్స్ మెనూల్లో ఇండోనేషియా మాటల్ని ఇప్పటికీ చాలాచోట్ల పాత డచ్ పద్ధతిలోనే రాస్తారు. ఇండోనేషియాలో ఆ పద్ధతి 1972 సంస్కరణతో పూర్తిగా పోయింది. ఈ మెనూల్లో ఇంగ్లీషు ఓ (o), ఈ (e) అక్షరాలు పక్కపక్కన ఉంటే 'ఉ' అని చదవాలి. టీ, జే కలిస్తే 'చ'. ఒట్టి జే ఉంటే 'య'. అంటే 'అజమ్' అని కనిపించేది నిజానికి 'అయమ్', కోడి. ఇంకో నాలుగు మాటలు వస్తే మెనూ సగం వచ్చినట్టే: నాసి అన్నం, గోరెంగ్ వేపుడు, ఇకాన్ చేప, బాబి పంది. కంబింగ్ అని కనిపిస్తే వదలకండి, అది మేక మాంసం.

4. శాకాహారులు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి: ట్రాసీ

రొయ్యల్ని ఉప్పేసి, పులియబెట్టి, ముద్ద చేసిందే ట్రాసీ. సాంబల్‌లో, కూరగాయల కూరల్లో కూడా చిటికెడు పడుతుంది. కంటికి కనిపించదు. అమ్మ వచ్చినప్పుడు కాయగూరల కూరే కదా అని బీన్స్ కూర పెట్టించాను. ఆవిడ ఒక ముద్ద తిని, 'ఒరే, ఇందులో ఎండు రొయ్యల వాసనొస్తోందేంట్రా?' అని కంచం పక్కన పెట్టేసింది. అప్పట్నుంచి వెజిటేరియన్ అని చెప్పి ఊరుకోకుండా, ట్రాసీ ఉందా అని ప్రతి కూరకూ విడిగా అడుగుతున్నాను. తెల్లటి అప్పడం లాంటి క్రుపుక్‌లో కూడా సాధారణంగా రొయ్యే ఉంటుంది. దాని బదులు మెలింజో గింజల్ని దంచి చేసే ఎంపింగ్ తీసుకోండి, కాస్త చేదుగా బాగుంటుంది.

ట్రాసీ లేదని కొట్టువాళ్లు ధైర్యం చెప్పాక టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు, గాడో-గాడో (వేరుశెనగ సాసు పోసిన ఉడికిన కూరగాయలు) తినొచ్చు. గాడో-గాడోలో గుడ్డు ఉంటుంది, అదీ చెప్పాలి.

5. కారం విడిగా అడగండి

జావా పద్ధతి వంటల్లో తీపి ఎక్కువ. కెచప్ మానిస్ అనే బెల్లపు రుచి సోయా సాసు చాలావాటిలో పడుతుంది. తియ్యగా ఉందని విసుక్కోకుండా సాంబల్ ఉలెక్ అడగండి. పచ్చి ఎర్ర మిరపకాయలు, ఉప్పు కలిపి నూరింది. చింతపండు లేని పండుమిర్చి కారం అన్నమాట. సాంబల్ బాజక్ వేయించినది, నల్లగా, కొంచెం తియ్యగా ఉంటుంది.

6. రైస్‌టాఫెల్‌కు తర్వాత వెళ్లండి

రైస్‌టాఫెల్ అంటే అన్నం చుట్టూ పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై చిన్న గిన్నెలు పేర్చే విందు. వలస కాలంలో డచ్చివాళ్లు తమ దర్జాకు తగ్గట్టు తయారుచేసుకున్న పద్ధతి ఇది. చూడ్డానికి పండగలా ఉంటుంది, బిల్లూ అలాగే ఉంటుంది. చాలాచోట్ల ఇద్దరికి తక్కువైతే పెట్టరు. ఏ కూర ఏదో తెలియకుండా వెళ్తే ఇరవై గిన్నెలూ ఒకే రుచిగా అనిపిస్తాయి. ముందు టోకోలో నాలుగైదుసార్లు తిని, అప్పుడు నలుగురు కలిసి వెళ్లండి.

'వారుంగ్' (చిన్న హోటలు) అనే బోర్డు కనిపిస్తే అది తరచూ సురినామ్ నుంచి వచ్చిన జావా వాళ్లది. 1890 నుంచి జావా కూలీలను డచ్చివాళ్లు దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు తీసుకెళ్లారు. వాళ్ల పిల్లలూ మనవలూ తర్వాత నెదర్లాండ్స్ చేరారు. అక్కడ సావోటో అనే కోడి చారు తాగండి. పక్కన పెట్టే పసుపుపచ్చ మిరపకాయ పేరు మదామ్ జానెట్. గుంటూరు వాళ్లమని చెప్పుకునేవాళ్లు కూడా గోరంత కొరికి చూడటం మంచిది.

తిరుగు ప్రయాణానికి సాంబల్ సీసా కొంటే చేతి సంచిలో పెట్టకండి, 100 మిల్లీలీటర్లు దాటితే ఎయిర్‌పోర్టులో తీసేసుకోవచ్చు. మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, చెక్-ఇన్ పెట్టెలో పాత తువ్వాలు మధ్యలో పెట్టండి. తెల్ల చొక్కాల దగ్గర మాత్రం వద్దు.