జోర్కీ-4లో రేంజ్‌ఫైండర్ తప్పితే సరిచేయడం ఎలా?

వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలూ చక్కగా కలుస్తాయి, కడిగించిన ఫిల్మ్‌లో మాత్రం మొహం మసక, వెనక గోడ స్పష్టం. లేదంటే లెన్స్‌ను ఇన్ఫినిటీ (అతి దూరం గుర్తు) దాకా తిప్పినా దూరంలోని సెల్ టవర్ రెండుగా కనిపిస్తుంది. రెంటికీ సాధారణంగా ఒకటే రోగం, రేంజ్‌ఫైండర్ తప్పడం. రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి దూరం చూపే భాగమే రేంజ్‌ఫైండర్.

మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో 1956 నుంచి 1973 వరకు లక్షల్లో తయారైన కెమెరా జోర్కీ-4. దీని రేంజ్‌ఫైండర్ సర్దుబాట్లకు టాప్ కవర్ విప్పనక్కర్లేదు. అయినా చాలామంది మొదట చేసే పని అదే. కవర్ విప్పితే షట్టర్ స్పీడ్ డయల్, రివైండ్ నాబ్, వైండింగ్ నాబ్ అన్నీ ఊడదీయాలి. తిరిగి బిగించాక ఇంకో నాలుగు తేడాలు పుట్టుకొస్తాయి. కవర్ జోలికి పోకండి.

కావలసినవి

గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే 1.2, 1.5 మి.మీ. చదును స్క్రూడ్రైవర్లు, ట్రైపాడ్, కొలత టేపు, భూతద్దం, గరుకు గాజు ముక్క, లాక్ అయ్యే కేబుల్ రిలీజ్ (షట్టర్ బటన్‌ను నొక్కే తీగ), రబ్బరు మూత ఒకటి. సెలైన్ సీసా మూత బాగా పనికొస్తుంది. కింద తెల్లటి తువ్వాలు పరవండి, జారిపడిన స్క్రూ దొర్లిపోకుండా ఉంటుంది.

ముందు, అసలు తప్పింది రేంజ్‌ఫైండరేనా?

లెన్స్ విప్పండి. మౌంట్ లోపల పైభాగాన ఒక సన్నటి చేయి, దాని చివర మొన కనిపిస్తాయి. లెన్స్ వెనక రింగు ఈ మొననే నెడుతుంది. వ్యూఫైండర్‌లోంచి చూస్తూ దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. వెనకే గుడ్డ షట్టర్ ఉంటుంది, వేలు దానికి తగలకూడదు. మధ్యలోని బొమ్మ సాఫీగా జరిగి, వదలగానే వెంటనే వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా అది లోపల గట్టిపడిన పాత గ్రీజు పని. అలాంటి కెమెరాకు ఎన్ని సర్దుబాట్లు చేసినా వారంలో మళ్లీ తప్పుతుంది. ముందు శుభ్రం చేయించండి.

రివైండ్ నాబ్ కింద చిన్న లివర్ ఉంటుంది. అది మీ కంటికి తగ్గట్టు వ్యూఫైండర్ పవర్ మార్చేది. దాన్ని తిప్పి బొమ్మ అంచులు పదునుగా కనిపించేలా పెట్టుకోండి. ఇది వదిలేసి, మసక బొమ్మల్ని కలపడానికి గంటలు కూర్చునేవాళ్లు ఉన్నారు.

తర్వాత లెన్స్ పరీక్ష. వెనక డోర్ తీసేయండి. ముందు వైండింగ్ నాబ్ తిప్పి షట్టర్ ఎక్కించాకే స్పీడ్ డయల్‌ను బి గుర్తుకు (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే గుర్తు) మార్చండి. ఎక్కించకుండా డయల్ తిప్పితే జోర్కీ లోపలి భాగాలు పాడవుతాయి. కేబుల్ రిలీజ్‌తో షట్టర్ తెరిచి లాక్ చేయండి. గరుకు గాజును ఫిల్మ్ ఆనే పట్టాల మీదే, గరుకు వైపు లెన్స్‌కేసి ఉండేలా పెట్టండి. పాలిథీన్ కవరో, సెల్లో టేపో అతికించి చూడొచ్చని చెబుతుంటారు. అవి వంగుతాయి, వంగితే కొలత తప్పుతుంది. లెన్స్‌ను ఇన్ఫినిటీకి పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, భూతద్దంతో కిలోమీటరు దూరంలోని వస్తువును చూడండి. స్పష్టంగా ఉంటే లెన్స్ మంచిదే. లేకపోతే తప్పు లెన్స్‌లో ఉంది. మునుపెవరో విప్పి, లోపలి సన్నటి వాషర్లు పోగొట్టి ఉంటారు. లెన్స్ సరిగా లేనప్పుడు రేంజ్‌ఫైండర్‌ను దానికి సరిపెడితే, ఇంకో లెన్స్ తగిలించిన రోజు మళ్లీ మొదటికొస్తుంది.

నిలువు తేడా: చెయ్యి ఇక్కడే తప్పుతుంది

ఒక బొమ్మ పైకీ, ఇంకోటి కిందికీ ఉంటే అది నిలువు తేడా. ఇది ఉండగా ఇన్ఫినిటీ స్క్రూ (అడ్డం తేడా సరిచేసేది, దాని సంగతి కింద వస్తుంది) ముట్టుకోకూడదు. ఎందుకంటే నిలువును సరిచేస్తే అడ్డం కూడా కదులుతుంది. ముందు అడ్డం, తర్వాత నిలువు అని చేస్తే మొదటి పనంతా వృథా.

కెమెరా ముందు వైపు చిన్న గుండ్రటి కిటికీ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రింగును రబ్బరు మూత నొక్కిపట్టి ఎడమకు తిప్పితే వదులవుతుంది. ప్లయర్లు వాడకండి, జారితే గాజు మీద గీత పడుతుంది. రింగు తీశాక లోపల ఒక గుండ్రటి గాజు కనిపిస్తుంది. అది మామూలు అద్దం కాదు. ఒక అంచు మందంగా, ఎదుటి అంచు పల్చగా ఉంటుంది, ఆప్టిక్స్‌లో దీన్ని వెడ్జ్ అంటారు. అది తిరిగితే బొమ్మ చోటు మారుతుంది.

ముట్టుకునే ముందు సన్నటి మార్కర్‌తో గాజు బిగించి ఉన్న చట్రం మీద ఒక చుక్క, దానికి ఎదురుగా కెమెరా మీద ఒక చుక్క పెట్టండి. ఈ రెండు చుక్కలూ పెట్టనివాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

గాజు తిప్పినప్పుడు బొమ్మ నేరుగా పైకీ కిందికీ పోదు, ఒక వలయం మీద తిరుగుతుంది. గడియారం ముల్లు కొనను ఊహించుకోండి. మూడు అంకె దగ్గర ఆ కొన ఎక్కువగా పైకీ కిందికీ కదులుతుంది, పన్నెండు దగ్గర పక్కలకు కదులుతుంది. ఇదీ అంతే. అందుకే నిలువు సరిపోయే చోట్లు రెండుంటాయి, ఒకటి మూడు వైపు, ఇంకోటి తొమ్మిది వైపు. రెండు చోట్లా నిలువు కుదురుతుంది కానీ అడ్డం మాత్రం ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎంతో దూరంగా ఉంటుంది. తప్పు చోట ఆపితే తర్వాత ఇన్ఫినిటీ స్క్రూ చివరిదాకా తిప్పినా బొమ్మలు కలవవు. అప్పుడు బలంగా తిప్పి స్క్రూ విరగ్గొడతారు. స్క్రూ చివరికి వచ్చేసిందంటే దాని తప్పేం లేదు, గాజును రెండో చోటికి తిప్పాలని అర్థం.

మామూలుగా వచ్చే నిలువు తేడాకు చుక్క నుంచి కొద్ది డిగ్రీలు చాలు. తిప్పేటప్పుడు దూరంలో అడ్డంగా ఉన్న గీతను చూడండి. మేడ పిట్టగోడో, కరెంటు తీగో అయితే తేడా ఇట్టే తెలుస్తుంది. రెండు గీతలూ ఒకటైతే ఆపండి.

ఇక రింగు బిగించడం. రింగు బిగుస్తూ బిగుస్తూ కింది గాజును కూడా తనతో లాక్కుపోతుంది. అప్పటిదాకా సరిగ్గా ఉన్న నిలువు చివరి పావు చుట్టులో తప్పుతుంది. కాబట్టి బిగిస్తూనే మధ్యమధ్యలో చూడండి. ఎంత లాక్కుపోతుందో రెండుసార్లు గమనించి, గాజును అంతమేర ముందే వెనక్కి పెట్టుకుని బిగించడం అసలు ఉపాయం. రింగు పూర్తిగా బిగిశాక నిలువు సరిగా ఉంటేనే తర్వాతి పనికి వెళ్లండి. రింగు లేకుండా చూసినది లెక్కలోకి రాదు.

ఇన్ఫినిటీ

అదే చిన్న కిటికీ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. అది మూత మాత్రమే. దాన్ని తీస్తే లోపల అసలు సర్దుబాటు స్క్రూ తలకాయ కనిపిస్తుంది. లెన్స్ ఇన్ఫినిటీకి ఆనుకుని ఉండగా, కెమెరా ట్రైపాడ్ మీద ఉండగా, దూరంలోని నిలువు గీతను చూస్తూ కొంచెం కొంచెంగా తిప్పండి. ఎనిమిదో వంతు చుట్టు కూడా ఎక్కువే.

గురి ఎంత దూరంలో ఉండాలి? ఎదురింటి కిటికీ పనికిరాదు. వంద మీటర్లలోపు దేన్ని చూసి పెట్టినా అది ఇన్ఫినిటీ కాదు. కిలోమీటరుకు పైగా ఉన్న టవర్, గోపురం మంచివి. రాత్రి చంద్రుడు ఇంకా మంచిది, అంచు పదునుగా ఉంటుంది, మధ్యాహ్నపు ఎండలో లేచే ఆవిరి కదలిక ఉండదు. టవర్ మీద ఎర్రదీపమైనా సరే.

ఒక మీటరు దగ్గర

ఇన్ఫినిటీ కుదిరిందని సంబరపడి ఆపేస్తే పని సగమే అయినట్టు. కొలత టేపుతో ఫిల్మ్ ఉండే చోటు నుంచి సరిగ్గా మీటరు దూరంలో పేపరు హెడ్డింగొకటి నిలబెట్టండి. లెన్స్ ముందు నుంచి కొలవకూడదు. గరుకు గాజు మీద హెడ్డింగు స్పష్టమయ్యేలా లెన్స్ తిప్పి, ఆ తర్వాత వ్యూఫైండర్‌లో చూడండి. రెండు అక్షరాలూ కలవాలి.

50 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/2 దగ్గర, మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 5 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఎఫ్/8 దగ్గర దాదాపు 19. ఎప్పుడూ ఎఫ్/8లోనే తీసేవాళ్లకు చిన్న తేడా కనపడకపోవచ్చు, ఎఫ్/2లో ముక్కు స్పష్టం, కళ్లు మసక.

కలవకపోతే, మౌంట్ లోపల చూసిన ఆ మొన సంగతి చూడాలి. లైకాలో అక్కడ గుండ్రటి చక్రం ఉంటుంది, జోర్కీలో వాలుగా కోసిన మొన. దాన్ని కాస్త తిప్పితే రింగుకు ఆనే చోటు మారి, దగ్గరి దూరాల లెక్క మారుతుంది. ఎవరూ కదపని కెమెరాలో సాధారణంగా దీని స్థానం చెడదు, కాబట్టి మీటరు కొలత రెండుసార్లు సరిచూసుకున్నాకే ముట్టుకోండి. ముందు దాని స్థానాన్ని ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసుకోండి. వెంట్రుకవాసి తిప్పి, లెన్స్ పెట్టి, ఇన్ఫినిటీని మళ్లీ స్క్రూతో సరిచేసి, అప్పుడు మీటరు చూడండి. తేడా పెరిగితే అవతలి వైపు తిప్పండి. మూడు నాలుగు విడతలు పడుతుంది. ఇన్ఫినిటీ సరిచేయకుండా మీటరును మాత్రమే చూస్తూ మొన తిప్పేవాళ్లకు ఈ పని ఎప్పటికీ తెమలదు.

చివరగా

బొమ్మ కలిసింది కానీ మధ్య భాగం వెలవెలబోతోందా? వ్యూఫైండర్ పెద్ద కిటికీ మీద, మధ్యలో, చిన్న ముదురురంగు పారదర్శక టేపు ముక్క అతికించండి. అక్కడ పెద్ద కిటికీ బొమ్మ చీకటిగా మారి, చిన్న కిటికీలోంచి వచ్చే బొమ్మ తేలుతుంది. లోపలి సగం వెండిపూత అద్దాన్ని దూదితో తుడవాలని మాత్రం చూడకండి, పూత దూదితోపాటే వచ్చేస్తుంది.

సర్దుబాటు స్క్రూ మీద నెయిల్ పాలిష్ చిన్న చుక్క పెట్టి, ఆరాక మూత స్క్రూ బిగించండి. తర్వాత ఐదు అగ్గిపెట్టెలను ఒక్కోటి 3 సెంటీమీటర్లు వెనక్కి ఉండేలా మెట్లుగా పేర్చి, మీటరు దూరంలో మధ్యదాని మీద ఫోకస్ చేసి ఎఫ్/2లో నాలుగైదు ఫ్రేములు తీయండి. ప్రతి ఫ్రేముకూ ఫోకస్‌ను చెడగొట్టి మళ్లీ కొత్తగా కలపండి. నెగెటివ్‌ను భూతద్దంతో చూస్తే మధ్య పెట్టె మీది అక్షరాలే పదునుగా ఉండాలి. అన్ని ఫ్రేముల్లోనూ రెండో పెట్టె పదునుగా ఉంటే మొన కొంచెం తిప్పాలి. ఒకసారి రెండోది, ఒకసారి నాలుగోది వస్తుంటే సర్దుబాటు లోపం కాదు, లెన్స్ హెలికాయిడ్‌లో (ఫోకస్ కోసం తిరిగే మర) గానీ మౌంట్ లోపలి సన్నటి చేతిలో గానీ వదులుంది.