బండి సైడ్ స్టాండ్ సెన్సర్ పని 280 రూపాయలకే అయిపోయింది

సైడ్ స్టాండ్ దించి ఉంటే బండి స్టార్ట్ కాకుండా ఆపేది ఈ సెన్సరే. స్టాండ్ తీసినా బండి మీటర్‌లో స్టాండ్ గుర్తు ఆరలేదు, సెల్ఫ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. షోరూంలో వైరింగ్‌తో సహా మార్చాలి, 3 వేలవుతుందన్నారు. వాటర్ వాష్ చేయించిన మర్నాడే మొదలైన రోగం కదా, నాకు నమ్మకం కుదరలేదు.

ఫుట్‌బోర్డు కింద సెన్సర్ వైర్ల కనెక్టర్ ఊడదీస్తే పిన్నులకు పచ్చటి చిలుం. గీకి శుభ్రం చేసినా లాభం లేదు. నా బండిలో ఈ సెన్సర్ అంటే రెండు వైర్ల స్విచ్. మల్టీమీటర్‌ను బీప్‌లో (వైర్లు లోపల కలిస్తే కూసేలా) పెట్టి స్టాండ్ ఎత్తా, దించా. ఎలా పెట్టినా కూతే లేదు. అంటే పోయింది స్విచ్చే.

హైదరాబాద్ పుత్లీబౌలిలో లోకల్ స్విచ్ 280కి దొరికింది. డబ్బులిచ్చే ముందే కొట్టు దగ్గర మల్టీమీటర్ పెట్టి చూసుకున్నా. వైరు రెండంగుళాలు పొట్టి, కాస్త దారి మళ్లించి బిగించా. స్విచ్ లేకుండా రెండు వైర్లూ కలిపేయమని ఓ మెకానిక్ సలహా ఇచ్చాడు గానీ, అలా చేస్తే స్టాండ్ దించి ఉన్నా బండి స్టార్టవుతుంది; స్టాండ్ దించి మరిచిపోయే అలవాటు నాది, వద్దన్నా. తర్వాత రెండు వానలు తడిసింది, బండి మొరాయించలేదు.